మేనకోడలి క్యారవాన్‌లో ఆరు స్విచ్చులు

స్విచ్చు అనేది చెయ్యి పెడితే దొరకాల. అది దాని మొదటి ధర్మం. నొక్కితే వెలగాల, అది రెండోది. ఈ రెండూ పట్టించుకోకుండా దాన్ని గోడలోకి దిగేసి, గోడ రంగే దానికీ పూసి, డిజైను అని పేరు పెట్టే మనుషులు ఇప్పుడు ఎక్కువైనారు. వాళ్ళలో ఒకడి చేతిపనిని నేను రెండు దినాలు వేళ్ళతో తడిమినాను. ఆ సంగతి రాస్తాండాను.

నేను చింతామణిలో నలభై ఏండ్లు లారీలకు వైరింగు చేసినవాణ్ణి. టమోటా లారీలు, బోరు బండ్లు, ట్రాక్టర్లు, ఒకటీ అరా బస్సులు. అక్షరాలు నాకు యాభై ఏడో ఏట వచ్చినాయి. వయస్కర శిక్షణ అని, అంటే పెద్దోళ్ళకు చదువు, సాయంత్రంపూట ఊరి శాలెలో, బడిలో పెడితే, పోయి చిన్న బెంచీలో మోకాళ్ళు ఇరికించుకుని కన్నడ నేర్చుకున్నాను. తెలుగు దాని వెనకాలే వచ్చింది. కన్నడంలో నెత్తిన అడ్డగీత ఉండేచోట తెలుగులో తలకట్టు కొక్కి పెడితే సగం అక్షరాలు వాటికవే తెలుగైపోతాయి. మిగిలిన సగం మా కోడలు నేర్పింది. అంతకు ముందు నా చదువంతా వైర్ల రంగులే. ఎర్రది యాడనుంచి వస్తాది, నల్లది యాడ బాడీకి తగులుతాది, పసుపుదాన్ని ఎవరు మధ్యలో కోసి అతికించినారు, ఇవన్నీ నాకు పుస్తకం మాదిరి కనపడేవి. అక్షరాలొచ్చినాక తెలిసింది, పుస్తకాల్లో కూడా మధ్యలో కోసి అతికించినవి చాలా ఉంటాయని.

మా అక్క కూతుర్ని బాగేపల్లికి ఇచ్చినాము. మొగుడు టూరిస్టు బస్సుల డ్రైవరు. స్టీరింగు తిప్పను తప్ప ఇంకేమీ తెలీదు, బల్బు మార్చమంటే చెయ్యి వెనక్కి పెట్టుకుంటాడు. ఆ పిల్లకు మాత్రం బుర్ర ఉండాది. ఇంట్లో ఊరికే పడున్న పాత మినీబస్సును బెంగుళూరుకు పంపి, క్యారవాన్ చేయించింది. లోపల మంచం, బల్ల, పొయ్యి, బట్టల బీరువా, కక్కసు. పొయ్యికి నాలుగడుగుల దూరంలో కక్కసు. ఇంట్లో అట్లా కట్టి ఉంటే మా అమ్మ ఆ ఇంట్లో నీళ్ళు కూడా ముట్టేది కాదు. దాన్ని బాడుగకు తీసుకుని నందికొండ కింద నిలిపి, దాంట్లోనే వండుకుని దాంట్లోనే పండుకుంటారంట బెంగుళూరోళ్ళు. మూడు బెడ్రూముల ఇల్లు కట్టుకుని, దానికి తాళం వేసి, వచ్చి ఇంత డబ్బాలో మోకాళ్ళు ముడుచుకుని పండుకునేదానికి సెలవు పెట్టుకుంటారు. చదువుకున్నోళ్ళు.

అయినా అది ఆ పిల్ల చేసుకున్న పని. నాకు నచ్చకపోవడం వేరే విషయం.

మినీబస్సు ఆమె మామగారి పేరు మీద ఉండాది. ఆయనది టమోటా మండీ. అందరూ ఆయన్ని మండీ ఆయన అనే అంటారు, నేనూ అట్లే రాస్తాను. ఆయన లెక్కలో బండి అంటే సరుకు మోసేది, మనుషులు కూడా ఒక రకం సరుకే. కోడలి మాట కాదనలేక ఒప్పుకున్నాడు గానీ ఒక గడువు పెట్టినాడు. దీపావళి లోపల ఒక్క బాడుగైనా పోయి రావాల. లేకపోతే లోపలున్నదంతా పీకించి, క్రేట్లు పేర్చి, బండిని చింతామణి మార్కెట్టుకు తోలతాడు. ఆ పిల్ల ఏడాదిగా తిరిగిన తిరుగుడంతా టమోటాల కింద పోతాది.

బాడుగ ఒకటి దొరికింది. దీపావళికి ముందు శనివారం, చిక్కబళ్ళాపురంలో ఎక్కి, ముసలమ్మను కైవారం గుడికి తీసుకుపోయి, అటునుంచి ఇంకా రెండు చోట్లు చూసి వస్తామని ఒక కుటుంబం చెప్పింది. ఆ వారంలోనే, బుధవారం నాకు ఫోను వచ్చింది.

"మామా, బండిలో లైట్లు వెలగడం లేదు. ఆయన టేపు తీసుకుని లోపలికి పోయినాడు."

"ఏం టేపు?"

"కొలిచే టేపు మామా. క్రేట్లు ఎన్ని వరసలు పడతాయో చూస్తాండాడు."

గురువారం పొద్దున బాగేపల్లి బస్సు ఎక్కినాను.

మండీ ఆయన షెడ్డు ముందర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఉన్నాడు. పక్కన ఒక ఖాళీ క్రేటు.

"రాప్పా, డాక్టరు వచ్చినాడు," అన్నాడు. "నాడి చూస్తావా, పోస్టుమార్టం చేస్తావా?"

"నువ్వు వాకిలికి అడ్డం లేస్తే నాడి చూస్తాను."

లేవలేదు. కాళ్ళు పక్కకు జరిపినాడు. అంతే మర్యాద.

ఆ బండిని నేను ఆయుధ పూజనాడు ఒకసారి చూసి ఉన్నాను. అప్పుడు పువ్వులు, అరటి పిలకలు, జనం. ఇప్పుడు ఖాళీగా చూస్తే లోపలంతా ఒకటే తెలుపు. గోడ తెలుపు, బీరువా తెలుపు, కక్కసు తలుపు తెలుపు. స్విచ్చు యాడని అడిగితే ఆ పిల్ల గోడను చేత్తో నిమురుతాంది, గొడ్డును నిమిరినట్ల.

"ఇక్కడే ఉండాల మామా."

"ఉండాలా, ఉండాదా?"

"ఉండాది. మొన్నటిదాకా నొక్కితే వెలుగుతాండె."

"అయితే నొక్కు."

"దొరకాల కదా."

రూపాయి బిళ్ళంత గుండ్రటి నొక్కుడు స్విచ్చులవి. గోడకు సమంగా, ఉబ్బూ లేదు, పల్లమూ లేదు, రంగు కూడా ఒకటే. చుట్టూ వెంట్రుకంత సందు. అదొక్కటే గుర్తు. నేను కండ్లు మూసుకుని బొటనవేలి గోరు గోడ మీద మెల్లగా లాక్కుంటూ పోయినాను. గోరు యాడ తట్టుకుంటే అక్కడ ఆపేది, ఆ పిల్ల పెన్సిలుతో చుట్టు గీసేది. లారీ డ్రైవరుకు ఒక స్విచ్చు అరంగుళం ఎడమకు పెడితే నా నెత్తిన కూర్చుని తిట్టేవాడు. ఇక్కడ స్విచ్చు కనపడకుండా చేసినందుకు మెచ్చుకుని ఫోటోలు తీసుకున్నారంట.

మధ్యాహ్నానికి ఆరు దొరికినాయి. వాకిలి పక్కన ఒకటి, పొయ్యి మీద ఒకటి, బల్ల దగ్గర ఒకటి, కక్కసు తలుపు పక్కన ఒకటి. బీరువా లోపల ఒకటి, మంచం పట్టెకు కింద ఇంకొకటి. ఈ చివరి రెండూ వెలిగినాయి. మొదటి నాలుగు చచ్చి ఉన్నాయి. ఆరింటిలో రెండు బతికి, నాలుగు చచ్చినాయంటే ఆ రెండింటికి లేనిది ఈ నాలుగింటికి ఏం జరిగిందని అడగాల. లారీ అయితే నేను మొదట అదే అడిగేవాణ్ణి. ఇక్కడ అడగలేదు. తప్పు ఎవరిదో నేను బస్సులో వచ్చేటప్పుడే తీర్మానం చేసుకున్నాను.

ఫ్యూజు పెట్టె వెతికేదానికే ఒక గంట పట్టింది. సీటు మీది దిండు పీకి, దిండు కింది పలక ఎత్తి, పలక కింది గుడ్డ తీస్తే అక్కడ ఉండాది. ఏదో నగలు దాచినట్ల. నా దగ్గర పాతకాలం టెస్ట్ ల్యాంపు ఒకటి ఉండాది, బల్బుకు రెండు వైర్లు కట్టింది, ఇంకేం లేదు దాంట్లో. లోపలి లైట్లకు వేరే బ్యాటరీ, దాని మీద పెడితే బల్బు బాగా వెలిగింది. ఫ్యూజులన్నీ బాగున్నాయి. అంటే కరెంటు బయలుదేరుతాంది, దోవలో ఎవరో ఆపుతాండారు.

"ఆ బెంగుళూరోడికి ఫోను కలపమ్మా," అన్నాను.

బండి లోపలి పని చేసినవాడు ఫోనులో మర్యాదగానే మాట్లాడినాడు. కన్నడంలో, సార్ సార్ అంటూ. నేను వాడికి స్విచ్చు ధర్మం, వైరింగు ధర్మం, మనిషి ధర్మం మూడూ వరసగా చెప్పినాను. అంతా విని వాడు ఒకటే ప్రశ్న వేసినాడు.

"బండికి పూజ చేసినారా సార్?"

"చేస్తే? పూజ చేస్తే కరెంటు పోతాదా? నువ్వు నాసి సరుకు పెట్టి దేవుడి మీద వేస్తావా?"

"అది కాదు సార్, స్విచ్చు ఒకసారి తీసి..."

పెట్టేసినాను. నేను ఫోనులో మాట్లాడితే సగం ఊరికి వినపడతాది. బయట కుర్చీలో ఉన్న మండీ ఆయనకు పూర్తిగా వినపడింది.

"చూసినావా," అన్నాడు, నాతో కాదు, బండి లోపలికి. "మీ మామే చెప్తాండాడు నాసి సరుకని. రంగు చూసి మోసపోయినావు. ఇంక ఆ ముచ్చట చాలమ్మా."

ఆ పిల్ల పెన్సిలు గీతలు చెంగుతో తుడవడం మొదలుపెట్టింది. గీతలు తుడిస్తే మళ్ళీ స్విచ్చులు దొరకవే అని నేను ఆపితే, "ఇంక ఎందుకులే మామా" అనింది. నేను సాయం చేసేదానికి వచ్చి ఆయనకు కొడవలి పదును పెట్టి ఇచ్చినానని అప్పుడు కొంచెం తెలిసింది. కొంచెమే.

ఆ రాత్రికి బాగేపల్లిలోనే ఉండి, శుక్రవారం పొద్దునే మళ్ళీ మొదలుపెట్టినాను. స్విచ్చు తియ్యాలంటే మర లేదు, మేకు లేదు. స్క్రూడ్రైవరు పెడితే గోడకు గాటు పడతాది. వంటింట్లోనుంచి దోసెలు తిప్పే అట్లకాడ తెమ్మన్నాను, పలచటిది. సందులో దూర్చి మెల్లగా ఎత్తితే వాకిలి పక్కనున్న స్విచ్చు టక్కని ఊడి వచ్చింది. వెనక రెండు వైర్లు. ఆ రెండూ కలిపి పట్టుకుంటే లైటు వెలిగింది.

"వెలిగింది మామా," అనింది ఆ పిల్ల.

"వైరింగు బాగుండాది. స్విచ్చే చచ్చింది. నేను చెప్తినే నాసి సరుకని."

ఆ మాట అంటూనే స్విచ్చు నోరు తెరిచి చూసినాను. లోపల రాగి రేకులు రెండు. వాటి మధ్య గట్టిపడిన పేడు, ఎండిన పెచ్చు మాదిరి, పసుపూ కాదు తెలుపూ కాదు, అంచుల్లో ఎర్రగా. రాగికి ఆకుపచ్చ చిలుము పట్టి ఉండాది. గోటితో గీరి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

గంధం.

ఇది ఎవరు పెట్టినారో నేను ఎవర్నీ అడగక్కర్లేదు. మా దేశంలో ఆయుధ పూజనాడు ఇనుముకు, యంత్రానికి, చక్రానికి, సూదికి కూడా గంధం కుంకుమ పెట్టాల్సిందే. పెట్టకుండా ఆ దినం దాన్ని ముట్టము. చింతామణిలో నా అంగట్లో నలభై ఏండ్లు నేనే పెట్టినాను, టెస్టరుకు, కటింగ్ ప్లయరుకు, వాకిట్లో నిలబడిన ప్రతి లారీ డాష్‌బోర్డు మీది ప్రతి స్విచ్చుకు. లారీ స్విచ్చు కొమ్ము మాదిరి బయటికి పొడుచుకుని ఉంటాది, మెడకు రబ్బరు టోపీ ఉంటాది, గంధం కారి కిందికి పోతాది. ఏమీ కాలేదు ఏనాడూ. ఈ బండి పూజకు పిలిచినప్పుడు, వైరింగు మనిషి, పెద్దమనిషి, నీ చేత్తోనే పెట్టప్పా అని గంధం గిన్నె నా చేతికే ఇచ్చినారు. ఆ పిల్ల లైట్లు ఒక్కొక్కటే వెలిగించి చూపిస్తే, నేను స్విచ్చు స్విచ్చుకూ నీళ్ళగా ఉన్న గంధం పెట్టి, బొట్టు నిలవాలని బొటనవేలితో అదిమినాను. అదిమితే అది యాడికి పోతాది? వెంట్రుకంత సందులోకి. బీరువా లోపలిదీ మంచం కిందిదీ ఆ దినం ఆమె చూపించను మరిచిపోయింది. అందుకే ఆ రెండూ బతికినాయి.

నిన్న ఫోనులో వాడు అడిగిన ప్రశ్న అది. నేను దేవుణ్ణి అడ్డం పెట్టి వాడి నోరు మూయించినాను.

స్విచ్చు ఆ పిల్ల చేతికిచ్చినాను. ఆమె కూడా వాసన చూసింది. నా మొహం చూడలేదు.

"బొట్లు మురికిగా కనపడతాయని తర్వాత నేనే తడిగుడ్డతో తుడిచినాను మామా. నీళ్ళు అప్పుడే దిగి ఉంటాయి. నేను తుడిచినందుకే చెడిపోయిందని చెప్తాను ఆయనకు. నువ్వు ఊరికే ఉండు."

నాకు అప్పుడు వచ్చిన కోపం ఇంతవరకు దేని మీదా రాలేదు. డెబ్బై దాటిన మనిషిని, నా తప్పు మోసేదానికి ముప్పై ఏండ్ల పిల్ల భుజం చూపిస్తాంది. అదీ రేపటితో తన పని పోయేటట్ల ఉన్నప్పుడు. మండీ ఆయన ముందర ఆమె ఒప్పుకుంటే ఇంక చెప్పేదేముండాది, ఆడదాని చేతిలో పెట్టినందుకు చెడింది అంటాడు, అట్లకాడతోనే గోడలన్నీ పీకిస్తాడు. నేను నోరు మూసుకుంటే నాసి సరుకు కొన్న తెలివితక్కువది అంటాడు. రెండు దోవల్లోనూ ఆ పిల్లే పడతాది. నేను ఒక్కణ్ణే నిలబడి ఉంటాను, పెద్దమనిషి మాదిరి.

ఒప్పుకునేదానికి నాకు మనసు లేదు, అబద్ధం ఎందుకు. ఆ మనిషి ముందర మాత్రం అసలు లేదు. ఒక నిమిషం ఆ పేడు పెట్రోలుతో కడిగేద్దామా అని కూడా అనుకున్నాను. సీసా చేతిలోనే ఉండాది.

బయటికి పోయి స్విచ్చు ఆయన అరచేతిలో పెట్టినాను.

"వాసన చూడప్పా."

చూసినాడు. "గంధం."

"ఆయుధ పూజనాడు నేను పెట్టింది. నాలుగింటినీ నేనే చెడగొట్టినాను. స్విచ్చు మంచిది. వైరింగు మంచిది. నీ కోడలు నమ్మి పని ఇచ్చినవాడు పని తెలిసినవాడు. నిన్న నేను ఫోనులో కూసిందంతా తప్పు."

ఆయన స్విచ్చును అటూ ఇటూ తిప్పినాడు. ఆయన కష్టం నాకు కనపడతానే ఉండాది. పూజ కాకుండా బండి వాకిలి దాటకూడదని పట్టుబట్టిందే ఆయన. పూజ వల్ల చెడింది అనను నోరు రాదు. సరుకు వల్ల చెడింది అనను ఇప్పుడు వీలు లేదు. మిగిలింది నేను.

"నలభై ఏండ్లు వైర్లు పట్టుకున్నావే," అన్నాడు చివరికి. "స్విచ్చులోకి తడి పోకూడదని నీకు ఎవరూ చెప్పలేదా?"

"లేదప్పా."

"చదువు కూడా నేర్చినావంట కదా, ముసలితనంలో."

"నేర్చినాను. దీన్ని గురించి దాంట్లో రాయలేదు."

"ఏంటికి రాస్తారు. ఇంత తెలివి ఉండేవాడు ఉంటాడని వాళ్ళకేం తెలుసు."

ఇంకా చాలా అన్నాడు. ఒకటి రెండు బాగానే ఉన్నాయి, ఇంకెవరి మీదైనా అని ఉంటే నేనూ నవ్వేవాణ్ణి. నా వెనకాల మెట్టు మీద ఆ పిల్ల నిలబడి అంతా వినింది. ఆయన తిట్టి తిట్టి అలిసినాక ఆమె దిగి వచ్చి, "రేపు పొద్దున ఏడుకు బండి చిక్కబళ్ళాపురంలో ఉండాల మామా, మీరు జరిగితే మేము పని చూసుకుంటాము" అనింది. ఆ మామా నాకు కాదు, ఆయనకు. ఈసారి లేచినాడు.

మధ్యాహ్నమంతా పెట్రోలు, పాత పళ్ళ బ్రష్షు, సన్నటి ఎమరీ కాగితం. రాగి రేకుల మీది పేడు నానబెట్టి, గీకి, తుడిచి, ఎండలో పెట్టి, మళ్ళీ గోడలోకి నొక్కినాను. మూడు లేచి కూర్చున్నాయి. వాకిలి పక్కదానికి మాత్రం రేకును చిలుము తినేసి ఉండాది, ఏం చేసినా పట్టలేదు. నా సంచిలో లారీ స్విచ్చు ఒకటి ఉండాది, నల్లది, ఇనుప కొమ్ముది. దాన్ని అక్కడ బిగించినాను.

"మామా, ఇంత తెల్లగోడ మీద అదేందది, పురుగు వాలినట్ల."

"వెలగాలా, అందంగా ఉండాలా?"

"రెండూ."

"రెండూ కావాలంటే ఆ బెంగుళూరోణ్ణి పిలిపించుకో. వాడు నాకంటే మేలు."

ఈ మాట నేను అంటానని ఆమె అనుకోలేదు. నేనూ అనుకోలేదు. ఆ సాయంత్రం వాడికి ఫోను చేసినాను. తప్పు నాదేనని చెప్పినాను. "సరే సార్, ఆయుధ పూజైనాక మాకు ఇట్లాంటివి వస్తానే ఉంటాయి," అన్నాడు, యాడనో రంపం కోస్తాండే చప్పుడు. తిట్టినప్పుడు పది నిమిషాలు విన్నవాడు, ఒప్పుకుంటే అర నిమిషంలో పెట్టేసినాడు.

శనివారం చిక్కబళ్ళాపురం దాకా నేనూ పోయినాను. మొగుడు బండి నడిపినాడు, ఆ పిల్ల ముందర కూర్చునింది. బాడుగకు వచ్చినవాళ్ళు బస్టాండుకు కొంచెం అవతల సంచులు పెట్టుకుని నిలబడి ఉన్నారు, ఒక ముసలమ్మ, ఆమె కొడుకు, కోడలు. కొడుకు లోపలికి ఎక్కి గోడలన్నీ చూసి, "సూపర్‌గా ఉండాది, క్లీన్‌గా," అన్నాడు. ముసలమ్మ ఎక్కేటప్పుడు మెట్టు మీద తూలి, పట్టుకునేదానికి ఏదో వెతికి, నల్ల కొమ్మును పట్టుకునింది. లైటు వెలిగింది.

"ఇదొకటే కనపడతాంది నాకు," అనింది. "మిగతావి యాడ పెట్టినారమ్మా?"

మా పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని ఒక్కొక్క స్విచ్చు దగ్గరికి తీసుకుపోయి, వేలు పెట్టించి చూపించింది. ఆరూ వెలిగినాయి. నేను దిగేసినాను. బండి కైవారం దోవ పట్టింది, నేను చింతామణి బస్సు పట్టినాను.

మంగళవారం, దీపావళికి ఒక దినం ముందరే, బండి వెనక్కి వచ్చింది. వచ్చే నెలకు ఇంకొకరు అడిగినారని ఆ పిల్ల ఫోనులో చెప్పింది. వాకిలి పక్కన నల్ల స్విచ్చు అట్లే ఉండనిస్తుందంట, ముసలోళ్ళు ఎక్కితే పనికొస్తాదని. మండీ ఆయన ఇప్పుడు మండీలో కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ "మా కోడలి క్యారవాన్" అని చెప్తాండాడంట. మొన్నటిదాకా దాన్ని డబ్బా అన్న నోరే అది. క్యారవాన్ అనే మాట కూడా సరిగా తిరగదు ఆ నోట్లో.

నిన్న ఆయన నాకు కబురు పంపినాడు. బోరు స్టార్టరు పట్టడం లేదు, తీరిక ఉంటే వచ్చి చూసిపొమ్మని. నాకు తీరిక ఉండాది. రెండు దినాలు పోనీ అని కూర్చున్నాను.